మంచు పడకముందే పాత కారు సంగతి

ధనుర్మాసం వచ్చేలోపు పాత కారున్న మనోళ్లంతా ముందద్దం సంగతి చూసుకోండి. పిడుగురాళ్లలో మంచొక్కటే కాదుగా, సున్నం బట్టీల దుమ్ము కూడా ఉంది. రాత్రి పేరుకున్న దుమ్ముకు మంచు తడి తగిలితే తెల్లారేసరికి అద్దానికి పూత పట్టేస్తుంది. దానిమీద పొడిగా వైపర్ తిప్పారో, గీతలే. ముందు ధారగా నీళ్లు పోయండి, తర్వాతే గుడ్డ. గట్టిపడ్డ వైపర్ రబ్బర్లు మార్చేయండి, పెద్ద ఖర్చేం కాదు.

అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద తెల్లవారుజామున ఆగి ఉన్న లారీ దగ్గరికెళ్లేదాకా కనపడదు. మంచులో హైబీమ్ వేస్తే వెలుగు మన కళ్లల్లోకే కొడుతుంది, లోబీమే వేయండి. లోపల అద్దం మసకబారితే చలైనా సరే ఏసీ వేయండి. వెనక ఎర్రలైట్లు వెలుగుతున్నాయో లేదో ఇంట్లో ఎవర్నైనా నిలబెట్టి చూడమనండి. మంచు మరీ దట్టంగా ఉంటే ఎండ వచ్చేదాకా బయల్దేరకండి.