ఎల్ షేప్ సోఫా వేసిన హాలు

ఫ్లాట్లలో హాలు ఎక్కువగా పొడుగ్గా ఉంటుంది: ఒక చివర గుమ్మం, ఇంకో చివర బాల్కనీ, మధ్యలో డైనింగ్ టేబుల్. అలాంటి హాల్లో ఎల్ షేప్ సోఫాకి ముందు తేల్చుకోవాల్సింది రంగు కాదు, మూల. ఎదురుగా నిలబడి చూస్తే మలుపు ఎడమకు రావాలో కుడికి రావాలో ఆర్డరిచ్చేటప్పుడే చెప్పాలి. విడదీసి అటూఇటూ మార్చుకునే రకం కాకపోతే తర్వాత చేయగలిగేదేమీ ఉండదు. నేలమీద పాత పేపర్లు సోఫా కొలతకు పరిచి, వాటి చుట్టూ నడిచి చూస్తే బాల్కనీ దారికి ఏది అడ్డమో ఇట్టే తెలుస్తుంది. నడవడానికి రెండున్నర నుంచి 3 అడుగులు వదలాలి. లిఫ్టూ గుమ్మమూ కూడా కొలవాలి. ఆ సంగతి మరిచి సోఫాను మెట్ల మీదుగా మోయించిన ఇళ్లు తక్కువేం కాదు.

టీపాయ్‌ని 15-18 అంగుళాల దూరంలో వేస్తే కాళ్లూ పడతాయి, కాఫీ కప్పూ అందుతుంది. కార్పెట్ సోఫా ముందు కాళ్ల కిందికైనా వెళ్లాలి. నడిమధ్యన చిన్న ముక్క పరిస్తే హాలు మరీ ఇరుకుగా కనిపిస్తుంది.

మూల సీటు చూడ్డానికే బాగుంటుంది. అక్కడ మోకాళ్లు పక్కవాళ్లకు తగులుతాయి, ఫ్యాను గాలీ సరిగ్గా అందదు. అందుకే అక్కడ ఎవరినీ కూర్చోబెట్టకుండా రెండు పెద్ద దిండ్లు వేసి, వెనక ఒక స్టాండ్ లైటు పెడితే సరిపోతుంది. సోఫా ముదురు రంగైతే గోడా కర్టెన్లూ లేతగా ఉండటం మేలు. పైన గోడకు పెట్టే పటం సోఫా పొడవులో మూడింట రెండొంతులుంటే నప్పుతుంది. సోఫా కాళ్లు 5 అంగుళాలైనా ఎత్తుంటే చీపురు కిందికి వెళ్తుంది.