జొన్నరొట్టె – యూరిక్ ఆమ్లం

వైరా జలాశయం 1930లో నిర్మితమైనది. దాని నీట పండిన వరి మా ఇంట జొన్నరొట్టెను క్రమేపి అతిథిని చేసినది. ఇటీవల మా తండ్రిగారికి కాలి బొటనవ్రేలు వాచి రాత్రులు నిద్ర కరువైనది. రక్తంలో యూరిక్ ఆమ్లం హెచ్చినదని వైద్యులు తేల్చారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలననుసరించి, నూరు గ్రాముల జొన్నలలో మెగ్నీషియం సుమారు 133 మిల్లీగ్రాములు. మరపట్టిన బియ్యంలో 19 మాత్రమే. మెగ్నీషియం తక్కువగా భుజించే పురుషులలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉన్నట్లు అమెరికా సర్వేలలో కనిపించినది. ఇది సంబంధమే గాని, కారణమని రుజువు కాలేదు. కావున రొట్టె ఔషధానికి తోడే తప్ప బదులు కాదు. మాంసమునందు మితము తప్పదు.

విద్యార్థులారా! మీ పెద్దల కీళ్ళనొప్పిని వార్ధక్యమని వదలక, రక్తపరీక్ష చేయించండి.