ఎస్మెరాల్డాను ఎత్తుకుపోయిన రాత్రి

పెరూ రాజధాని లీమాకు రేవు కయ్యావో. 1746లో భూకంపం, ఉప్పెన కలిసి ఆ రేవుపట్టణాన్ని తుడిచిపెట్టాక, మరుసటి ఏడాదే స్పెయిన్ పాలకులు అక్కడ ఐదు మూలల రెయల్ ఫెలీపె కోటకు పునాది వేశారు. ఇప్పుడిది పెరూ సైన్యపు మ్యూజియం. రాజు పేరిట ఒకటి, రాణి పేరిట ఒకటి గుండ్రటి బురుజులున్నాయి. పైకెక్కి రేవు వైపు చూస్తే, ఇంత కాపలా మధ్య నుంచి ఒక యుద్ధనౌకను ఎలా పట్టుకుపోయారన్న ఆశ్చర్యం కలగకమానదు.

1820 సెప్టెంబరులో, పెరూను స్పెయిన్ పాలన నుంచి విడిపించడానికి సేనాని శాన్ మార్టిన్ నడిపిన విమోచన సేన ఆ దేశ తీరంలో దిగింది. దాన్ని చేరవేసిన చిలీ నౌకాదళానికి అధిపతి స్కాట్లాండు నావికుడు థామస్ కాక్రన్. ఆ తీరంలో స్పెయిన్‌కు పెద్ద అండ కయ్యావో రేవులో ఉన్న ఎస్మెరాల్డా అనే యుద్ధనౌక. దుంగలూ గొలుసులతో అడ్డుకట్ట, 27 ఫిరంగి పడవలు, గట్టున 300 దాకా ఫిరంగులు దాన్ని కాచేవని కాక్రన్ తన జ్ఞాపకాల్లో రాశాడు.

నవంబరు 5న, కాపలావాళ్లు ఏమరుపాటుగా ఉండాలని, అతను తన నౌకలు కొన్నిటిని కంటికి కనబడనంత దూరం పంపేశాడు. రాత్రి 14 పడవల్లో 240 మంది బయల్దేరారు. చీకట్లో తమవాళ్లను పోల్చుకోవడానికి తెల్లబట్టలు, చేతికి నీలి పట్టీలు. చప్పుడు కాకుండా తెడ్లకు చుట్టిన గుడ్డలు. అర్ధరాత్రి ఒక కాపలా పడవ అడ్డగించింది. నోరెత్తితే చావేనని కాక్రన్ బెదిరించాడు. తర్వాత రెండు పక్కల నుంచీ నౌక ఎక్కారు. తుపాకీ మడమ దెబ్బకు కాక్రన్ కింది పడవలో పడ్డాడు, మళ్లీ ఎక్కాడు. తొడలో గుండు దిగినా ఫిరంగి మీద కూర్చుని ఆజ్ఞలిచ్చాడు. పావుగంట దాటిన కాసేపటికే నౌక వశమైంది.

అసలు మెచ్చుకోవలసింది దీపాల ఎత్తుగడ. రేవులో ఉన్న తటస్థ నౌకలు, బ్రిటిష్ హైపీరియన్, అమెరికన్ మసడోనియన్, రాత్రి దాడి జరిగితే ఫలానా దీపాలు పెట్టేటట్టు కోటవారితో ఒప్పందం చేసుకున్నాయి. ఆ సంగతి పసిగట్టిన కాక్రన్ ఎస్మెరాల్డాకూ అవే దీపాలు కట్టించాడు. ఏది ఎవరిదో కోట ఫిరంగిదళానికి తెలియలేదు. వాళ్ల గుళ్లు తటస్థ నౌకలకూ తగిలాయి. మిగతా నౌకలను కూడా పట్టాలన్నది కాక్రన్ ఆలోచన. కానీ అతని కింది అధికారి గైజ్ లంగరు తాళ్లు తెగ్గొట్టించడంతో ఎస్మెరాల్డా ఒక్కటే దక్కింది. దాడి చేసినవారిలో 11 మంది చనిపోయారు, 30 మంది గాయపడ్డారు.

నౌకకు వాల్దీవియా అని కొత్త పేరు పెట్టారు. 1821 జనవరిలో వైస్రాయ్ పెజుయేలాను సొంత సైన్యాధికారులే దించేశారు. జులై 28న లీమాలో పెరూ స్వాతంత్ర్యం ప్రకటించారు. కోట మాత్రం చేతులు మారుతూ, స్పెయిన్ సేనాని రోదిల్ నాయకత్వంలో దీర్ఘ ముట్టడిని తట్టుకుని, 1826 జనవరిలో గానీ చివరిసారిగా లొంగలేదు.