సంక్రాంతికి ముందే షెడ్యూల్

పండగ పోస్టులన్నీ మెటా బిజినెస్ సూట్‌లో ముందే షెడ్యూల్ చేసేసి మా సోషల్ మీడియా టీమ్ పిల్లలు ఊళ్లకు బయల్దేరుతుంటే నాకు నిజంగా సంతోషమేస్తుంది. ఒకప్పుడు భోగి పొద్దున కూడా ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ ముందుండాల్సి వచ్చేది.

కానీ పోస్టు వెళ్లినంత తేలిగ్గా కామెంట్లకు జవాబులు వెళ్లవు. యాడ్ బడ్జెట్ అయిపోయిందన్న నోటిఫికేషన్ భోజనాల దగ్గరికే వస్తుంది.

పనివేళలయ్యాక ఆఫీసు మెసేజ్‌లకు దూరంగా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి చట్టంలో ఉంది. మనకింకా దేశమంతటికీ అలాంటి చట్టం లేదు. అందాకా మేనేజర్లకు నా విన్నపం: సెలవులో ఉన్నవాళ్లను వాట్సాప్ గ్రూపులో ట్యాగ్ చేయకండి. పండగ డ్యూటీ ఎవరిదో ముందే చెప్పి, వాళ్లకు మరోరోజు సెలవివ్వండి.