నొగ బరువు

డాలస్ శివార్లలో పదెకరాలు కొన్నాక ఆయనకి డీజిల్ పికప్ పిచ్చి పట్టుకుంది. ట్రాక్టరుని ట్రైలరెక్కించి లాక్కెళ్లాలి కదా! కమిన్స్, పవర్‌స్ట్రోక్, డ్యూరామ్యాక్స్... నెలరోజులుగా ఇంట్లో అదే పారాయణం. చివరికి ఒక 'ముప్పావు టన్ను' బండి నచ్చింది. (ఈ టన్నుల పేర్లు ఎప్పటివో. మోసే బరువుకీ వాటికీ ఇప్పుడు పొంతనే లేదు.)

"18 వేల పౌండ్లు అవలీలగా లాగుతుంది" అన్నాడు షోరూమ్ కుర్రాడు. వీళ్ల ట్రైలరు ట్రాక్టరుతో కలిపి 12 వేలే. ఇంకేం, సంతకమే తరువాయి.

ఆవిడ మాత్రం డ్రైవరు తలుపు తీసి, పక్కనున్న స్టిక్కరు చదివింది. మనుషులూ సామానూ కలిపి 2,100 పౌండ్లు దాటకూడదని ఉంది.

"లాగడానికీ మోయడానికీ తేడా ఉంటుందమ్మాయ్" అన్నారు గుంటూరు జిల్లా నుంచి చూడ్డానికొచ్చిన మావగారు. "ట్రైలరు ముందుభాగం దీని మీద ఎంత పడుతుందో అడుగు."

మామూలు కొక్కేనికి తగిలించే ట్రైలరైతే దాని బరువులో 10 నుంచి 15 శాతమట. "నొగ బరువన్నమాట!" అన్నారాయన. డీజిల్ ఇంజిన్ అసలే బరువు, మోయాల్సిన వాటాలో కొంత అదే తినేస్తుంది. ఆవిడ కాగితం తీసింది. పన్నెండు శాతం చొప్పున 1,440. నలుగురు మనుషులు 620. కొక్కెం, పనిముట్లు 150. మొత్తం 2,210.

"ట్రాక్టరుని కాస్త వెనక్కి జరిపితే సరి. ముందు బరువు తగ్గిపోతుంది" అన్నాడు కొడుకు.

పెద్దాయన మొహం మారిపోయింది. చిన్నప్పుడు మిరపకాయ బస్తాలు దింపుతూ ముందువి ముందే తీసేశారట. నొగ గభాల్న పైకి లేచింది. మెడతాళ్లు బిగిసి ఎద్దులు గుడ్లు తేలేశాయి. "తాళ్లు కోసి బతికించాం. నీ బండికి కోయడానికి తాళ్లుండవురా."

కుర్రాడు కూడా ఒప్పుకున్నాడు. ముందు బరువు మరీ తగ్గితే హైవే మీద వేగంలో ట్రైలరు తోకలా ఊగుతుంది. ఒక్కోసారి పికప్‌ని కూడా పడేస్తుంది.

సంతకం ఆగింది. కొడుకు రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడో వారం, రెండేళ్లు వాడిన 'ఒక టన్ను' డీజిల్ బండి దొరికింది. స్టిక్కరు మీద 3,600. కొత్త ముప్పావు టన్ను ధరకే వచ్చింది.

మొదటిసారి ట్రాక్టరెక్కించాక ట్రక్ స్టాపు దగ్గర కాటా వేయించారు. ఆ చీటీ మడిచి పెద్దాయన జేబులో పెట్టుకున్నారు. ఊళ్లో చూపించాలట.