రాత్రిళ్ళు లేచే స్కానర్

సెలవులకి ఇంటికెళ్ళిన మొదటి రాత్రి, రెండింటప్పుడు హాల్లో గుర్రుమని చప్పుడు. లేచి చూస్తే నాన్న పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్! మూత సందులోంచి తెల్లటి వెలుగు. ఎవరూ ముట్టుకోలేదు.

"రోజూ ఇంతేరా. మీ నాన్నకింకా జిరాక్స్ షాపు మీదే ధ్యాస" అంది అమ్మ, నవ్వుతూనే. నాన్న పోయి ఎనిమిది నెలలు. షాపు తీసేశాక మిగిలింది ఆ స్కానరూ, పాత కంప్యూటరూ. కంప్యూటర్ రాత్రంతా ఆన్‌లోనే ఉంటోంది. ఆఫ్ చేసే పని ఎప్పుడూ నాన్నదే.

నేనేమో ఈసీఈ థర్డ్ ఇయర్. దయ్యాన్ని డీబగ్ చేయకపోతే పరువుంటుందా? కేబుల్ మార్చా. మళ్ళీ లేచింది. బటన్ ఇరుక్కుందేమోనని ప్రాపర్టీస్‌లో ఈవెంట్స్ ట్యాబ్‌కెళ్ళి, నొక్కినా ఏమీ చేయొద్దని పెట్టా. అయినా లేచింది. అప్పుడు తట్టింది: పవర్ ఆదా కోసం విండోస్ యూఎస్‌బీ పోర్టుని నిద్రపుచ్చుతోంది, ఏదో ప్రోగ్రామ్ పలకరించగానే లేపుతోంది. లేచిన ప్రతిసారీ స్కానర్ లైటు వేసుకుని, హెడ్‌ని మొదటి చోటుకి జరుపుకుంటోంది. డివైస్ మేనేజర్‌లో, పవర్ మేనేజ్‌మెంట్ కింద ఒక్క టిక్ తీసేశా. అంతే.

ఆ రాత్రి ఇల్లంతా నిశ్శబ్దం. నాకే నిద్ర పట్టలేదు.

పొద్దున్నే అమ్మ అడిగింది, "రాత్రి లేవలేదేం?"

"బాగుచేశానమ్మా." కాసేపాగి, "మళ్ళీ పాతలాగే పెట్టేయనా?" అన్నాను.

అమ్మ కొంగుతో స్కానర్ మూత తుడిచింది.

"వద్దులే. ఆ కంప్యూటర్ ఆఫ్ చేయడం ఎలాగో నాకు చూపించు."