సఫర్ ఖర్చు, ఇజ్జత్ ఖర్చు

మన ఇళ్లలో సఫర్ అంటే రెండే. ఒకటి షాదీ, రెండోది మయ్యత్. ఈ రెండూ కాకుండా ఊరు దాటితే "ఏం, డబ్బులు ఎక్కువయ్యాయా?" అంటారు చుట్టాలు. మగవాళ్లం ఏదో పని మీద నాలుగు ఊళ్లు తిరుగుతాం. ఆడవాళ్లకు మాత్రం మైకా, ససురాల్, ఆస్పత్రి, అంతే. మా అమ్మీకి 68 ఏళ్లు. ఢిల్లీ జామా మసీదులో ఒక్క నమాజ్ చదవాలని చిన్నప్పటినుంచీ ఆమె ఆర్జూ. కర్నూలు నుంచి ఢిల్లీ దూరమే కావచ్చు, కానీ మమ్మల్ని ఇన్నేళ్లూ ఆపింది దూరం కాదు, హిసాబ్.

అందుకే ముందు హిసాబ్ రాశాం. మేం ఐదుగురం: అమ్మీ, బేగం, నేను, ఇద్దరు పిల్లలు. రెండేళ్లు దాటిన పిల్లలకు విమానంలో సీటు తీసుకోవాల్సిందే. రైల్లో అయితే సస్తానే, కానీ పోను ఒక రోజు, రాను ఒక రోజు. అమ్మీ మోకాళ్లు అన్ని గంటలు ఓర్చుకోవు.

వీకెండ్ అనగానే అందరూ శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం రాత్రి తిరిగి రావాలనుకుంటారు. ఆ రెండు పూటలకే టికెట్ ధర ఎక్కువ. మేం రెండు నెలల ముందే చూశాం. శనివారం మధ్యాహ్నం వెళ్లి మంగళవారం పొద్దున్నే వస్తే టికెట్‌కు 1500 చొప్పున తగ్గింది. పోనూ రానూ పది టికెట్లు, 15000 మిగిలాయి. ఒక రాత్రి అదనంగా ఉండాలి కాబట్టి రెండు గదులకు 4000, ఆ రోజు తిండికి ఇంకో 1500 తీసేసినా 9500 చేతిలో ఉన్నట్టే. పిల్లల స్కూలుకు ఒకటిన్నర రోజు సెలవు పెట్టాం, అంతే.

టికెట్ ధర చూసేటప్పుడు పైన కనిపించే అంకెను నమ్మకండి. చివరి పేజీ దాకా వెళ్లండి. కన్వీనియన్స్ ఫీజు, సీటు, సామాను అన్నీ కలిపాకే అసలు ధర తెలుస్తుంది. యాప్‌లో చూసిన టికెట్‌నే విమాన కంపెనీ సొంత సైట్‌లో కూడా ఒకసారి చూడండి. మామూలు టికెట్‌తో చెక్-ఇన్ సామాను 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు ఉంటుంది. కొన్ని చవక టికెట్లలో చేతి సంచి ఒక్కటే. ఇంట్లోనే తూకం వేసుకుంటే కౌంటర్ దగ్గర జేబు ఖాళీ కాదు. సీట్లు మేం కొనలేదు, ఒక్కటి తప్ప. అది అమ్మీకి కిటికీ సీటు. వీల్‌చెయిర్ కావాలని బుకింగ్‌లోనే రాశాం, దానికి మా దగ్గర పైసా తీసుకోలేదు.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మన కర్నూలు రోడ్డు వైపే ఉంది కాబట్టి హైదరాబాద్ లోపలికి పోయే పని లేదు. బస్సులో శంషాబాద్‌లో దిగి క్యాబ్ ఎక్కాం. బేగం తోషా కట్టింది: రోటీలు, పొడి కీమా, ఉడకబెట్టిన గుడ్లు. నీళ్ల సీసాలు ఖాళీగా తీసుకెళ్లి, చెకింగ్ అయ్యాక లోపల నింపుకున్నాం. ఎయిర్‌పోర్ట్‌లో ఐదుగురి నాష్తా ఖర్చుతో మన ఇంట్లో వారం గడుస్తుంది.

ఇక హోటల్. ఇక్కడ లెక్క పైసలతో తేలదు.

రెండేళ్ల కింద వేరే ఊళ్లో రాత్రి తొమ్మిదింటికి ఒక హోటల్‌కు చేరాం. యాప్‌లో బుక్ చేసిన గది, డబ్బు అక్కడే కట్టాలి. రిసెప్షన్‌లో మనిషి నవ్వుతూనే పలకరించాడు. ఆధార్‌లు తీసుకుని పేర్లు చదివాడు. లోపలికి వెళ్లి వచ్చి, "సిస్టమ్‌లో ఏదో పొరపాటు సార్, గదులు లేవు" అన్నాడు. నా ఫోన్‌లో ఇంకా రెండు గదులు ఖాళీ అనే చూపిస్తోంది. నేను వాదించలేదు, పిల్లలు నిద్రకు తూలుతున్నారు. రెట్టింపు డబ్బు పెట్టి వేరే చోట దిగాం. ఆటోలో మావాడు అడిగాడు: "మన పేర్లు చూసా అబ్బా?"

"తెలీదు బేటా" అన్నాను. నిజంగానే నాకు తెలీదు. తెలుసుకునే దారి లేకపోవడమే ఇందులో అసలు బాధ.

అందుకే ఈసారి బుక్ చేసే ముందే ఫోన్ చేయాలనుకున్నాం. "జామా మసీదు గల్లీలో మనవాళ్ల లాడ్జీలున్నాయి కదా, గొడవ లేకుండా అక్కడే దిగుదాం" అంది బేగం. ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ అమ్మీకి లిఫ్ట్ కావాలి. పైగా, ఏ ఊరికి పోయినా మన గల్లీ ఎక్కడుందో వెతుక్కోవడమే సఫర్ అని పిల్లలు నేర్చుకోవడం నాకు ఇష్టం లేదు. జంగ్‌పురా మెట్రో స్టేషన్ దగ్గర ఒక హోటల్ చూశాం. నిజాముద్దీన్ దర్గా దగ్గరే, జామా మసీదుకు అదే వయలెట్ లైన్‌లో రైలు మారకుండా వెళ్లొచ్చు. ఫోన్ మావాడికే ఇచ్చాను. వాడు గొంతు సవరించుకుని నా పూర్తి పేరు, దాదీ పేరు, అందరి పేర్లూ స్పష్టంగా చెప్పి, "గది ఉందా?" అన్నాడు. "ఉంది, అందరి ఆధార్‌లు తెచ్చుకోండి" అన్నారు అవతల. ఆ ఒక్క మాటతో వాడి మొహంలో వచ్చిన వెలుగుకు నేను ఏ రేటు కట్టగలను?

ఢిల్లీలో మెట్రోనే మాకు బగ్గీ. ఎయిర్‌పోర్ట్ నుంచి న్యూఢిల్లీ స్టేషన్ దాకా మెట్రోలో మనిషికి వంద లోపే. సోమవారం లాల్ ఖిలా మూసి ఉంటుంది, అందుకే ఆదివారమే చూశాం. హుమాయూన్ మఖ్బరా సోమవారానికి ఉంచుకున్నాం. ఆర్కియాలజీ వాళ్ల కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ఢిల్లీకి డిసెంబరు, జనవరిలో మాత్రం పోకండి. పొగమంచుకు విమానాలు ఆగిపోతే చవక టికెట్ కాస్తా మహంగా అవుతుంది.

పైసా పైసా చూసుకున్నా కొన్నిచోట్ల చేయి బిగించలేదు. చాందినీ చౌక్‌లో రిక్షా తొక్కే ముసలాయనతో 20 రూపాయల కోసం బేరం ఆడలేదు. ఇస్రాఫ్ ఎంత తప్పో కంజూసీ కూడా అంతే తప్పని మన దీన్ నేర్పింది. సామాను తగ్గించుకోవచ్చు, షాపింగ్ తగ్గించుకోవచ్చు. పెద్దవాళ్ల ఆరామ్, ఆడవాళ్ల పర్దా, ఎదుటి మనిషి మజ్దూరీ, ఈ మూడూ తగ్గించుకునే ఖర్చులు కావు.

జామా మసీదు మెట్లు అమ్మీ మూడుచోట్ల ఆగి, కూర్చుని, లేచి ఎక్కింది. జొహర్ రెండు రకాతులు కసర్ చదివి, చాలాసేపు దువాలో ఉండిపోయింది. ఏం అడిగావని మేం అడగలేదు.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఒక పని చేయండి. మీ అమ్మీనో, దాదీనో, బేగంనో పక్కన కూర్చోబెట్టుకుని ఏ ఊరు చూడాలనుందో అడగండి. ముందు జవాబు వినండి. హిసాబ్ ఆ తర్వాత రాద్దాం.